సిరీస్‌ని ఒక్క ఓటీటీ సినిమాగా చేయాలంటే ఏం ఉంచాలి, ఏం వదలాలి?

కిరణ్_భైరాగిపట్టెడ | శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సిరీస్ స్టార్ ట్రెక్‌లోంచి వచ్చిన 'సెక్షన్ 31' సినిమా స్పాయిలర్లు ఉన్నాయి.

మేం నలుగురం ఐదేళ్ళుగా ఒక సైన్స్ ఫిక్షన్ ఆడియో సిరీస్ చేస్తున్నామని ఇక్కడ కొందరికి తెలుసు. మా మేడ మీద గదిలో గోడలకి బొంతలు కట్టి రికార్డు చేస్తాం. ఇప్పటికి 46 ఎపిసోడ్లు అయ్యాయి. శ్రీహరికోట నుంచి వెళ్ళినవాళ్ళు చంద్రుడి చుట్టూ తిరిగే ఒక స్టేషన్‌లో బతికే కథ. అక్కడ రిపేర్లు చూసే భానుమతి అందులో ముఖ్యమైన మనిషి.

పోయిన నెల ఒక ఓటీటీ సంస్థ వాళ్ళు పిలిచి మాట్లాడారు. సిరీస్ వద్దు, ఒక్క సినిమా చేయండి, 100 నిమిషాలు దాటకూడదు, మీ సిరీస్ విననివాళ్ళకి కూడా అర్థం కావాలి అన్నారు. మూడు వారాలు కూర్చుని మొదటి డ్రాఫ్టు రాశాను. 162 పేజీలు వచ్చింది. ఏ పాత్రనీ వదలబుద్ధి కాలేదు. ఇప్పుడు సగం కోయాలి. ఎక్కడ కత్తెర పెట్టాలో తెలియడం లేదు. నిద్ర పట్టడం లేదు.

సెక్షన్ 31 కూడా ఇలాగే పుట్టింది కదా అని మళ్ళీ చూశాను. 2019 జనవరిలో దాన్ని సిరీస్‌గా ప్రకటించారు. స్టార్ ట్రెక్ సిరీస్‌లలో ఒకటైన డిస్కవరీ మూడో సీజన్‌లో, అంటే 2020 డిసెంబరులో, మిషెల్ యో వేసిన జార్జియో పాత్రని ఆ సిరీస్ కోసమే బయటికి పంపించారు. తర్వాత కోవిడ్. మిషెల్ యోకి చేతినిండా పని. 2023 మార్చిలో ఆమెకి ఆస్కార్ వచ్చింది, ఏప్రిల్లో ఇది సిరీస్ కాదు, సినిమా అన్నారు. 2025 జనవరి 24న పారామౌంట్ ప్లస్‌లో విడుదలైంది. ఆరేళ్ళు. నాకు మిషెల్ యో అంటే ప్రాణం. ఆ ఆరేళ్ళూ ఎదురుచూశాను. చూశాక బాధ వేసింది. ఎక్కడ జారిందో తెలిస్తే నా స్క్రిప్టులో ఆ తప్పు చేయను. మీకేం అనిపించిందో చెప్పండి.

సుధీర్_కాళహస్తి | శుక్రవారం, రాత్రి 10:05

అన్నా, నేను మీ సిరీస్ వినలేదు. స్టార్ ట్రెక్ సిరీస్‌లు కూడా ఒక్కటీ చూడలేదు. సెక్షన్ 31 మాత్రం చూశాను. అంటే ఆ ఓటీటీ వాళ్ళు చెప్పిన కొత్తవాణ్ణి నేనే.

కథ అర్థం కాలేదని చెప్పను. అర్థమైంది. ఆవిడ ఇంకో విశ్వంలో చక్రవర్తి, కోట్ల మందిని చంపింది, ఇప్పుడు మారింది. ఇదంతా పాత్రలు మాటల్లో చెప్పేశాయి. ఆవిడ మారడం మాత్రం నేను చూడలేదు. వాళ్ళు మారిందంటే నమ్మాలి. అందుకే చివర్లో ఆవిడ ఏడుస్తుంటే నాకు ఏమీ అనిపించలేదు.

లత_చిత్తూరు | శుక్రవారం, రాత్రి 11:20

కిరణ్, సిరీస్ సినిమాగా మారడం స్టార్ ట్రెక్‌లో ఇది రెండోసారి. మొదటిసారి ఏం జరిగిందో చెబుతాను, నీకు పనికొస్తుంది.

పాత సిరీస్ 1966 సెప్టెంబరులో మొదలై 1969లో, 79 ఎపిసోడ్లతో ఆగిపోయింది. 1977లో పారామౌంట్ వాళ్ళు సొంతంగా ఒక టీవీ నెట్‌వర్క్ పెట్టాలనుకున్నారు. దానికి ముందు వరసలో నిలబడడానికి స్టార్ ట్రెక్‌ని మళ్ళీ సిరీస్‌గా, ఫేజ్ 2 అనే పేరుతో తీయాలనుకున్నారు. స్క్రిప్టులు రాయించారు, సెట్లు కట్టారు. ఆ నెట్‌వర్క్ ఆలోచన ఆగిపోయింది. అదే ఏడాది వేరే సైన్స్ ఫిక్షన్ సినిమాలు థియేటర్లలో బాగా ఆడుతున్నాయి. దాంతో సిరీస్ మొదటి ఎపిసోడ్ కోసం రాసుకున్న కథనే పెద్ద సినిమా చేశారు. 1979 డిసెంబరులో వచ్చింది.

అది చూస్తే తెలుస్తుంది. టీవీకి సరిపోయే కథని రెండు గంటల పైన సాగదీశారు. డాక్‌లో ఉన్న ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక చుట్టూ కెమెరా నిమిషాల తరబడి తిరుగుతూనే ఉంటుంది. నాకు ఆ దృశ్యం ఇష్టమే, కళ్ళలో నీళ్ళు వస్తాయి. కానీ నేను పాత సిరీస్‌ని చిన్నప్పుడు దూరదర్శన్‌లో చూసి పెరిగిన మనిషిని. ఆ నౌక నాకు పుట్టింటి లాంటిది. సుధీర్ లాంటి అబ్బాయికి అది ఉత్త లోహపు ముక్క.

సెక్షన్ 31లో దీనికి తలకిందులుగా జరిగింది. సీజన్ మొత్తానికి ఉద్దేశించిన కథని గంటన్నర పైచిలుకులోకి కుక్కారు. ఐదారుగురు కొత్త మనుషులు, ఒక ఆయుధం, ఒక ద్రోహి, ఒక పాత ప్రేమికుడు. సీజన్ అయితే ఒక్కొక్కరికి ఒక ఎపిసోడ్ దొరికేది. ఇక్కడ ఒక్కొక్కరికి ఒక డైలాగు దొరికింది.

నీ 162 పేజీలు నేను చదవలేదు. కానీ 46 ఎపిసోడ్లలో ఏదీ వదలబుద్ధి కాలేదన్నావు చూడు, అక్కడే భయపడ్డాను.

ఇంకొక్క మాట. ఫేజ్ 2 కోసం రాసిన స్క్రిప్టులన్నీ వృథా కాలేదు. కొన్నింటిని పదేళ్ళ తర్వాత నెక్స్ట్ జనరేషన్ అనే తర్వాతి స్టార్ ట్రెక్ సిరీస్‌లో వాడుకున్నారు. నువ్వు కోసిన పేజీలు దాచుకో.

పాకాల_రామచంద్ర | శనివారం, ఉదయం 6:15

లతగారు మొదటి సినిమా గురించి చెప్పారు. నేను రెండోదాని గురించి చెబుతాను. సిరీస్‌ని సినిమాగా కొనసాగించడానికి అంతకన్నా మంచి పాఠం లేదని నా నమ్మకం. రైల్వేలో రిటైరయ్యాక దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

మొదటి సినిమాకి సుమారు 4.4 కోట్ల డాలర్లు ఖర్చయింది. రెండోదానికి సుమారు 1.2 కోట్లే ఇచ్చారు, అదీ టీవీ విభాగానికి అప్పజెప్పి. నిర్మాత హార్వ్ బెనెట్‌కి అప్పటిదాకా స్టార్ ట్రెక్‌తో పరిచయం లేదు. ఆయన ఏం చేశాడంటే, కూర్చుని 79 ఎపిసోడ్లూ చూశాడు. చూసి ఒక్కటి పట్టుకున్నాడు. 1967 ఫిబ్రవరిలో వచ్చిన 'స్పేస్ సీడ్'. అందులో ఖాన్ అనే మనిషినీ అతని అనుచరుల్నీ ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్ కిర్క్ ఒక గ్రహం మీద దింపేసి వెళ్ళిపోతాడు. వందేళ్ళ తర్వాత వచ్చి చూస్తే ఎలా ఉంటుందో అని కిర్క్ పక్కనుండే అధికారి స్పాక్ అంటాడు, ఎపిసోడ్ అయిపోతుంది. తర్వాత ఎవరూ అటు తిరిగి చూడలేదు. 1982లో సినిమా అక్కడ మొదలైంది. 15 ఏళ్ళు ఆ మనిషి అక్కడ ఎలా బతికాడు, అతని భార్య ఎలా చచ్చిపోయింది, ఒక్కసారైనా ఎందుకు వచ్చి చూడలేదు. అంతే కథ.

దాన్ని బాకీ అంటాను నేను. సిరీస్ ఎవరికో బాకీ పడి ఉంటుంది. సినిమా ఆ బాకీ తీర్చాలి. కొత్తవాడికి పాత కథంతా చెప్పక్కర్లేదు. బాకీ ఎంతో, ఎవరికో చెబితే చాలు.

జార్జియోకి డిస్కవరీలో పెద్ద బాకీ ఉంది. మైకేల్ బర్న్‌హమ్. తన విశ్వంలో తను పెంచుకున్న కూతురికి ఈ విశ్వంలో ఉన్న రూపం. ఆ అమ్మాయి కోసమే ఆమె మెత్తబడింది. సినిమాలో ఆ అమ్మాయి లేదు. బదులుగా సాన్ అని చిన్ననాటి ప్రేమికుణ్ణి తెచ్చారు. సిరీస్ చూసినా అతని గురించి మనకి దాదాపు ఏమీ తెలియదు. సినిమా మొదట్లో అప్పు రాసి, చివర్లో అదే తీర్చారు. సుధీర్‌కి ఏమీ అనిపించలేదంటే అతని తప్పు కాదు. సిరీస్ చూసిన నాకూ ఏమీ అనిపించలేదు.

కిరణ్_భైరాగిపట్టెడ | శనివారం, ఉదయం 7:02

సార్, "బాకీ" అన్న మాట కాగితం మీద రాసి గోడకి అంటించాను.

హరి_యూనివర్సిటీరోడ్డు | శనివారం, ఉదయం 10:30

పాకాల సార్ చెప్పింది బాగుంది కానీ సెక్షన్ 31 విషయంలో నేను ఒప్పుకోను. లోపం బర్న్‌హమ్ లేకపోవడం కాదు. సెక్షన్ 31 అనే ఆ రహస్య సంస్థనే తప్పుగా అర్థం చేసుకున్నారు.

సెక్షన్ 31 మొదటిసారి 1998లో డీప్ స్పేస్ నైన్ అనే స్టార్ ట్రెక్ సిరీస్‌లో వచ్చింది. స్టార్ ట్రెక్ సృష్టికర్త రాడెన్‌బెరీ 1991లోనే పోయారు. ఆకలీ యుద్ధాలూ దాటి వచ్చిన మంచి సమాజం అని ఆయన ఒకటి ఊహించారు కదా, ఆ మంచితనాన్ని కాపాడడానికి చీకట్లో పాపం చేసేవాళ్ళు ఉంటే అది మంచి సమాజమేనా అని డీప్ స్పేస్ నైన్ అడిగింది. అందులోని డాక్టర్ బషీర్‌ని సెక్షన్ 31 వాళ్ళు చేరమంటారు, అతను చేరనంటాడు, ఒళ్ళు జలదరిస్తుంది. సినిమాలో ఆ ప్రశ్న లేదు. ఒక టీమ్, ఒక మిషన్. చివర్లో తర్వాతి మిషన్ చెప్పి ముగించారు. సినిమాగా మొదలుపెట్టి పైలట్‌గా, అంటే సిరీస్ మొదటి ఎపిసోడ్‌లా ముగించారు.

కిరణ్, ఇది నీక్కూడా వర్తిస్తుంది. ఓటీటీ వాళ్ళు "రెండో భాగానికి తలుపు తెరిచి ఉంచు" అంటారు. వినకు.

నిడివి గురించి: ఓటీటీలో థియేటర్ ఆటల లెక్క లేదు. సెన్స్ ఎయిట్ సిరీస్‌ని నెట్‌ఫ్లిక్స్ 2017 జూన్‌లో ఆపేసింది. అభిమానులు గట్టిగా పట్టుబట్టారు. 2018 జూన్ 8న ముగింపు ఎపిసోడ్ 151 నిమిషాలతో వచ్చింది. ఎనిమిది ముఖ్య పాత్రలకీ అందులో చోటు దొరికింది. సిరీస్‌ని ప్రేమించినవాళ్ళకి అది పెళ్ళిభోజనం. కొత్తవాడు పది నిమిషాలు కూడా కూర్చోలేడు. నీకు 100 నిమిషాలే ఇచ్చారు కాబట్టి ఆ దారి నీకు లేదు.

స్టార్‌గేట్ సిరీస్ వాళ్ళు మాత్రం రెండూ చేసి చూపించారు. పది సీజన్లు, 214 ఎపిసోడ్లు అయ్యాక 2008లో నేరుగా డీవీడీలో రెండు సినిమాలు వేశారు. ఒకటి సిరీస్‌లో మిగిలిపోయిన యుద్ధాన్ని ముగించింది, అది చూసినవాళ్ళకే. రెండోది కాలం మారిపోయిన కథ, దాదాపు విడిగా నిలబడుతుంది. నాకు రెండోదే గుర్తుంది.

సుధీర్_కాళహస్తి | శనివారం, ఉదయం 10:48

కల్కి సినిమాకి ముందు 2024 మే నెలాఖరులో రెండు యానిమేషన్ ఎపిసోడ్లు ఓటీటీలో వచ్చాయి కదా, భైరవ, బుజ్జిల మీద. నేను అవి చూసి వెళ్ళాను, మా అమ్మ చూడకుండా వచ్చింది. సినిమా ఇద్దరికీ అర్థమైంది. మా అమ్మకి అశ్వత్థామ ఎవరో ముందే తెలుసు. అది చాలింది.

శేఖర్_పుత్తూరు | శనివారం, మధ్యాహ్నం 2:10

సుధీర్ అమ్మగారి మాట చదివాక నేను రాయకుండా ఉండలేకపోయాను. స్టార్ ట్రెక్ నాకు అంతగా తెలియదు. భారతం తెలుసు.

పుత్తూరు దగ్గర మా ఊళ్ళో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. చిత్తూరు వైపు చాలా ఊళ్ళలో ఉన్నదే, మీలో చాలామంది చూసి ఉంటారు. మా నాయన అర్జునుడి వేషం కట్టేవాడు. తపస్సు నాడు ఎత్తైన మాను ఎక్కి, ఒక్కో మెట్టు దగ్గర ఆగి పద్యం పాడుతూ, పైకి పోయి నిమ్మకాయలు, విభూతి విసిరేవాడు. పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద కొంగు పట్టుకుని ఉండేవాళ్ళు. మా అమ్మా ఒక ఏడు అలా కొంగు పట్టిందట, నేను పుట్టకముందు.

మీరు అడిగే ప్రశ్న మా నాయన వాళ్ళకి ప్రతి రాత్రీ ఉండేది. అన్ని రోజులూ వచ్చేవాళ్ళు ఊరివాళ్ళు. చివరి రోజు దుర్యోధన వధకి మాత్రం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం విరగబడి వస్తారు. చుట్టాలు వస్తారు, పిల్లలు వస్తారు. ముందు రోజులు ఏం జరిగిందో వాళ్ళు చూడలేదు. అయినా ఎవరూ వాళ్ళకి పాత కథ చెప్పరు.

ఎందుకంటే ద్రౌపది వేషం జుట్టు విరబోసుకుని వస్తుంది. అంతే. నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడు పడుకుని ఉంటాడు, పెద్ద బొమ్మ. ఆమె అటు చూస్తుంది. ఏమీ తెలియని పిల్లవాడు కూడా "ఆ అమ్మ జుట్టు ఎందుకు ముడేసుకోలేదు?" అని పక్కవాళ్ళని అడుగుతాడు. పాకాల సార్ చెప్పిన బాకీ ఆ జుట్టులో ఉంది. దుర్యోధనుడు చచ్చాక ఆమె జుట్టు ముడి వేసుకుంటుంది. అప్పుడు జనం చేసే చప్పుడు నేను ఇంకెక్కడా వినలేదు. సాయంత్రం గుండం తొక్కుతారు, అది వేరే.

కిరణ్ అన్నా, మీ భానుమతి జుట్టు ఏది?

లత_చిత్తూరు | శనివారం, మధ్యాహ్నం 2:41

శేఖర్, ఈ పోస్టు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

కిరణ్_భైరాగిపట్టెడ | శనివారం, సాయంత్రం 5:30

శేఖర్, మధ్యాహ్నం నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను. నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. మాది ఆడియో. భానుమతి ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ చూడలేదు. ఆమె గొంతు తెలుసు, దగ్గు తెలుసు, స్పానర్ కింద పెట్టే చప్పుడు తెలుసు. కంటికి కనిపించేది ఒక్కటీ లేదు.

బాకీల లిస్టు రాశాను. ఆమె తమ్ముడి అప్పు, స్టేషన్ కమాండర్‌తో గొడవ, భూమి మీద మూతపడిన స్కూలు, ఆక్సిజన్ కొనుగోళ్ళలో మోసం. నాలుగూ సీజన్ల కొద్దీ నడిపాం. ఇందులో ఏది?

పాకాల_రామచంద్ర | శనివారం, సాయంత్రం 6:05

ఒక్కటీ కాదు. నాలుగూ నువ్వు ముగించినవే. ముగించినవి బాకీ ఎలా అవుతాయి? 19వ ఎపిసోడ్ మర్చిపోయావు.

లత_చిత్తూరు | శనివారం, సాయంత్రం 6:12

నేనూ అదే రాయబోతున్నాను సార్! ఈశ్వర్!

కిరణ్_భైరాగిపట్టెడ | శనివారం, సాయంత్రం 6:50

విననివాళ్ళ కోసం చెబుతాను. 19వ ఎపిసోడ్‌లో స్టోర్ల వైపు గాలి లీకవుతుంది. భానుమతి మధ్య తలుపు వేసేస్తుంది. లోపల పదకొండు మంది బతుకుతారు. ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న ఈశ్వర్ తలుపుకి అవతల ఉండిపోతాడు. మూడుసార్లు తలుపు కొడతాడు. తర్వాత చప్పుడు ఉండదు. 20వ ఎపిసోడ్ వేరే కథతో మొదలవుతుంది. మళ్ళీ అతని పేరు ఎవరూ ఎత్తరు.

ఎందుకు ఎత్తలేదంటే, ఈశ్వర్ గొంతు ఇచ్చిన మా స్నేహితుడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఆదివారాలు రాలేనన్నాడు. ఏం చేద్దామని టీ తాగుతూ అనుకున్నాం, చంపేద్దామన్నాం. ఆ తలుపు చప్పుడు మా మేడ గది తలుపుదే. నేనే కొట్టాను. ఆ ఎపిసోడ్ బాగా వచ్చిందని సంబరపడ్డాం కూడా. ఆ పిల్లవాడికి ఒక తల్లి ఉండి ఉంటుందని, భానుమతి ఆమెకి ఏం చెప్పి ఉంటుందని 27 ఎపిసోడ్లు రాసినా నాకు తట్టలేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పాకాల_రామచంద్ర | శనివారం, రాత్రి 7:20

సిగ్గుపడకు నాయనా. ఖాన్‌ని గ్రహం మీద దింపినవాళ్ళు కూడా ఆ వారం ఎపిసోడ్ ముగించడానికే దింపారు.

డబ్బు తక్కువని కూడా భయపడకు. ఆ సినిమాలో శత్రువు నౌక లోపలి భాగం ఎంటర్‌ప్రైజ్ సెట్టే, మార్చి వాడుకున్నారు. అంతరిక్షం షాట్లు కొన్ని మొదటి సినిమాలోంచి తీసుకున్నారు. కిర్క్, ఖాన్ సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా ఎదురెదురుగా నిలబడరు. తెర మీదే మాట్లాడుకుంటారు. నీకు ఒక తలుపు ఉంది. అటు ఒకరు, ఇటు ఒకరు.

హరి_యూనివర్సిటీరోడ్డు | శనివారం, రాత్రి 8:15

19వ ఎపిసోడ్ మళ్ళీ విన్నాను. ఒప్పుకుంటున్నాను, సినిమా అదే. నేను పొద్దున అడిగిన ప్రశ్న కూడా అందులోనే ఉంది. పదకొండు మంది కోసం ఒకణ్ణి వదిలేయడం సరైనదేనా, సరైనదైతే ఆ మనిషి రాత్రుళ్ళు ఎలా నిద్రపోవాలి.

కాకపోతే ఒకటి. తలుపు వేసే దృశ్యం మొదట్లోనే చూపించు. సిరీస్ విన్నవాళ్ళకి అది తెలుసు, కొత్తవాళ్ళకి తెలియదు. మొదటి ఐదు నిమిషాల్లో అందరినీ ఒకే చోటికి తెచ్చెయ్.

లత_చిత్తూరు | శనివారం, రాత్రి 8:40

వద్దు కిరణ్. సెక్షన్ 31 అలాగే మొదలైంది. జార్జియో చిన్నప్పుడు సింహాసనం కోసం ఏం చేసిందో మొదటి నిమిషాల్లోనే చూపించేశారు. ఇక తర్వాత ఆమె ముఖం చూసి మనం ఊహించడానికి ఏం మిగిలింది? కొత్తవాడి చేత ప్రశ్న అడిగించు. జవాబు ముందే చేతిలో పెట్టకు.

నేను లెక్కల టీచర్ని. జవాబు ముందే బోర్డు మీద రాస్తే లెక్క చేసే పిల్లవాడు ఉండడు.

హరి_యూనివర్సిటీరోడ్డు | శనివారం, రాత్రి 8:52

అప్పుడు సిరీస్ విన్నవాళ్ళు గంటసేపు "మాకు తెలుసు, చెప్పు" అని కూర్చుంటారు కదా మేడమ్.

శేఖర్_పుత్తూరు | శనివారం, రాత్రి 9:00

భారతంలో అందరికీ తెలుసు హరి అన్నా. తెలిసినవాళ్ళే ముందు వరసలో కూర్చుంటారు.

మణి_కస్తూరి | శనివారం, రాత్రి 9:35

నేను మణి. సిరీస్‌లో నర్సు కస్తూరి గొంతు నాదే. కిరణ్ ఈ థ్రెడ్ లింకు ఇప్పుడే పంపాడు, మొత్తం చదివాను.

అందరూ బాకీ బాకీ అంటున్నారు, బాగుంది. కస్తూరి ఎక్కడ? 46 ఎపిసోడ్లలో 40 ఎపిసోడ్లకి నేను మాట్లాడాను. జ్వరంతో మాట్లాడాను. పాప కడుపులో ఉండగా మాట్లాడాను. బజారులో నా గొంతు విని "మీరు కస్తూరక్క కదూ" అని అడిగినవాళ్ళు ఉన్నారు. సినిమాకి కొత్త నటీనటుల్ని తీసుకుంటారని తెలుసు. నా ముఖం ఉండదని తెలుసు, దానికి నేను సిద్ధమే. కానీ మనిషినే తీసేస్తే ఎలా? జార్జియో తప్ప డిస్కవరీ జనం ఒక్కరూ లేకుండా ఆ సినిమా తీశారని మీరే కదా బాధపడుతున్నారు.

కిరణ్_భైరాగిపట్టెడ | శనివారం, రాత్రి 9:58

మణక్కా, తీసేద్దామని అనుకోలేదు. అనుకోలేదని చెప్పడం కూడా అబద్ధమే అవుతుంది. మధ్యాహ్నం పెన్సిల్‌తో ఒక గీత గీశాను. నీకు ఫోన్ చేసి చెప్పే ధైర్యం లేక లింకు పంపాను. తప్పు నాదే. క్షమించు.

మణి_కస్తూరి | శనివారం, రాత్రి 10:30

ఫోన్‌లో తిట్టాను కాబట్టి ఇక్కడ తిట్టను.

ఒకటి అడుగుతాను. 19వ ఎపిసోడ్‌లో తలుపుకి ఇవతల ఉన్న పదకొండు మంది ఎవరు? లిస్టు ఎవరైనా రాశారా? నేను ఆ రోజు స్క్రిప్టు తీసి చూశాను. "ఊపిరి పీల్చుకోండి, మెల్లగా" అన్న డైలాగు నాది. కస్తూరి ఆ పదకొండు మందిలో ఉంది. ఈశ్వర్ చచ్చిపోయినందుకు బతికిన మనిషి. భానుమతి ముఖం రోజూ చూడాల్సిన మనిషి. థాంక్స్ చెప్పాలో, తిట్టాలో ఆమెకి తెలియదు. బాకీ భానుమతి ఒక్కదానిదేనా?

పాకాల_రామచంద్ర | శనివారం, రాత్రి 10:41

అమ్మా మణీ, చేతులెత్తి దండం పెడుతున్నాను.

లత_చిత్తూరు | శనివారం, రాత్రి 10:50

కిరణ్, పెన్సిల్ గీత చెరిపేశావా?

కిరణ్_భైరాగిపట్టెడ | శనివారం, రాత్రి 11:15

చెరిపేశాను. తమ్ముడి అప్పు, కమాండర్ గొడవ, స్కూలు, ఆక్సిజన్ మోసం, నాలుగూ తీసేశాను. 162లో 97 పేజీలు పోయాయి. లతక్క చెప్పినట్టు వేరే ఫైలులో దాచాను. చేతులు వణికాయి. మిగిలింది భానుమతి, కస్తూరి, ఈశ్వర్ తల్లి. ఆమె స్టేషన్‌కి వస్తుంది. కొడుకు సామాను తీసుకెళ్ళడానికి. ఇన్నేళ్ళ తర్వాత టికెట్టు డబ్బు కూడబెట్టుకుని వస్తుంది.

ఇంకొకటి దొరికింది శేఖర్. నువ్వు అడిగింది. ఇప్పుడు చెప్పను. ఈ రాత్రి మొదటి ఆరు పేజీలు రాసి సుధీర్‌కి పంపుతాను. తమ్ముడూ, పాత ఎపిసోడ్లు మాత్రం వినకు, ప్లీజ్. ఇక్కడ మేం రాసిందంతా నువ్వు చదివేశావని తెలుసు, అయినా చదవనట్టే చదువు.

సుధీర్_కాళహస్తి | శనివారం, రాత్రి 11:20

నిన్నటి నుంచి షాపులో లెక్కలు అన్నా, మధ్యాహ్నం తర్వాత పోస్టులు ఇంకా చదవలేదు. భారతం పోస్టు దగ్గర ఆగాను. ఇక చదవను. పంపండి.

హరి_యూనివర్సిటీరోడ్డు | ఆదివారం, ఉదయం 9:10

మొదట్లో తలుపు దృశ్యం పెట్టాడా లేదా, అది చెప్పండి ఎవరైనా.

కిరణ్_భైరాగిపట్టెడ | ఆదివారం, ఉదయం 9:25

రెండు రకాలుగానూ రాశాను హరీ. సుధీర్‌కి లతక్క పద్ధతిలోది పంపాను. నీది నా దగ్గరే ఉంది, ఇంకా తేల్చుకోలేదు.

సుధీర్_కాళహస్తి | ఆదివారం, ఉదయం 11:40

అన్నా, ఆరు పేజీలూ చదివాను. రెండుసార్లు. స్టేషన్ ఎలా పనిచేస్తుందో నాకు పూర్తిగా తెలియలేదు, కమాండర్ ఎవరో తెలియలేదు, అవి అడగాలనిపించలేదు కూడా. నాకు ఒక్కటే కావాలి. ఆవిడ పడుకునేటప్పుడు గది తలుపుకి స్పానర్ అడ్డం పెట్టింది. క్యాంటీన్ తలుపుకి చెప్పు అడ్డం పెట్టింది. బాత్రూమ్ తలుపు దగ్గర ఆ నర్సుని కాపలా నిలబెట్టింది, ఆ నర్సు రోజూ చేసే పనిలాగా వచ్చి నిలబడింది, ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఆవిడ ఏ తలుపూ ఎందుకు వేయనివ్వదు?

కిరణ్_భైరాగిపట్టెడ | ఆదివారం, ఉదయం 11:44

ఏడో పేజీ నుంచి రాస్తున్నాను. సాయంత్రం పంపుతాను తమ్ముడూ.